అందరూ ఎక్కిన పేరు

మా పెద్దమ్మ గుమ్మంలో అడుగు పెడితే మా ఇంట్లో ఇంటర్‌నెట్ పోతుంది. ఈ మాట నాది కాదు, మా నాన్నది. వైఫై పెట్టె మీద పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతూ ఉంటుందట. పెద్దమ్మ "ఏమే, ఉన్నారా అందరూ?" అంటూ చెప్పులు విడుస్తుందట. దీపం ఠపీమని ఆరిపోతుందట. ఆవిడ వెళ్లేదాకా ఆరుతూ వెలుగుతూ ప్రాణం తీస్తుందట. మొదట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత నాన్న ఆవిడకి 'ఐరన్ లెగ్' అని పేరు పెట్టాడు. ఆవిడ ముందు అనడు, అంత ధైర్యం ఆయనకి లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ పెట్టెలు తయారుచేసే కంపెనీలోనే నా ఉద్యోగం. పెట్టె లోపల నడిచే ప్రోగ్రాంని నానా హింసలూ పెట్టి, ఎక్కడ ఏడుస్తుందో చూడటం నా పని. ఇంట్లో ఉన్నది కూడా నేను తెచ్చిందే.

"మనిషి కాలికీ వైఫైకీ సంబంధం ఏంటి నాన్నా? ఏదో కాకతాళీయం!" అనేదాన్ని.

"అయితే నీ కాకతాళీయం మీ పెద్దమ్మతో పాటే వస్తుందేం?" అనేవాడు. పెద్దమ్మ వచ్చేది పగటిపూట, నేను ఆఫీసులో ఉండగా. కళ్లారా చూడలేదు కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

పెద్దమ్మ సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి ఈమధ్యే రిటైరైంది. ఆవిడ బస్సులో చోటు లేదన్న మాట ఎవరూ విని ఎరగరు. "జరగండి బాబూ, జరగండి, ఇంకో ఇద్దరు పడతారు" అని అరిస్తే బస్సు నిజంగానే కాస్త వెడల్పయ్యేదని మేం నమ్మేవాళ్లం. చెల్లి చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకుంటూ కీచుకీచుమని రాస్తుంటే మేమంతా తలుపులు వేసుకునేవాళ్లం. పెద్దమ్మ ఒక్కతే డ్యూటీ దిగి వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని, "బాగుందే, మళ్లీ వాయించు" అనేది. చచ్చినా బాగుండేది కాదు. అయినా చెల్లి మళ్లీ వాయించేది.

అలాంటి చెల్లికి పెద్ద సంగీత కళాశాలలో సీటు కోసం ఆఖరి పరీక్ష వచ్చింది. పరీక్షించేవాళ్లు ఎక్కడో ఉంటారు, కంప్యూటర్ తెర మీద చూస్తారు. మధ్యలో లైను తెగితే ఇంక అంతే, రెండో అవకాశం లేదన్నారు. నాన్నకి గుండెల్లో రాయి పడింది. పెద్దమ్మకి ఫోన్ చేసి, "వదినగారూ, మరోలా అనుకోకండి, ఆ రోజుకి మీరు..." అని నీళ్లు నమిలాడు.

"అయ్యో, దానికేముంది మరిదిగారూ! పిల్ల పరీక్ష ముఖ్యం గానీ" అని ఆవిడే ఆయన్ని గట్టెక్కించింది.

పరీక్ష రోజు పొద్దున చెల్లి ఫిడేలు శ్రుతి చేసుకుని కమాను పట్టుకుంది. "పెద్దమ్మేది?" అంది. నాన్న నావైపు చూశాడు, నేను గోడవైపు చూశాను. అమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "అదిగో, అక్క రోడ్డుకి అటుపక్క నించుంది" అంది. భుజాన పాత డ్యూటీ సంచీ, చేతిలో గొడుగు. అక్కణ్ణించే వినొచ్చని వచ్చిందట, పిచ్చితల్లి!

చెల్లి ఫిడేలు తీసి దాని పెట్టెలో పెట్టేసింది. "పెద్దమ్మ ఎదురుగా లేకపోతే నేను వాయించను."

నాకు నషాళానికి అంటింది. "ఇంకా గంట టైముంది. కాలో, కాకరకాయో ఇప్పుడే తేల్చేద్దాం!" అని వెళ్లి పెద్దమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. గుమ్మం దాటిందో లేదో, దీపం ఠపీ.

"చూశావా?" అన్నాడు నాన్న.

"నువ్వుండు నాన్నా!"

పెద్దమ్మని మళ్లీ రోడ్డవతలికి పంపి, దీపం వెలిగాక, చెప్పుల్లేకుండా రమ్మన్నాను. ఆరింది. వెనక్కి నడుస్తూ రమ్మన్నాను. ఆరింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చోద్యం చూస్తున్నారు. చూడనీ! ఈసారి సంచీ, గొడుగూ అవతలే వదిలేసి ఖాళీ చేతులతో రమ్మన్నాను. దీపం చెక్కుచెదరలేదు.

"కాలు కాదు! సంచీ!" అని ఎగిరి గంతేశాను.

పెద్దమ్మకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. సంచీ దగ్గరికెళ్లి, "ఒక్కొక్కరే దిగండి, టికెట్లు చూపించండి" అంటూ ఒక్కో వస్తువూ తీసి నాకు అందించింది. నేను లోపలికీ బయటికీ పరుగులు. కళ్లజోడు పెట్టె, నీళ్లసీసా, దువ్వెన. దీపం కదల్లేదు. చివరికి రిటైరయ్యాక కొనుక్కున్న కొత్త ఫోను తెచ్చాను. ఠపీ!

ఏ ఫోనైనా వైఫై పెట్టెని పలకరించేటప్పుడు తన పేరు చెప్పుకుంటుంది. మామూలుగా కంపెనీ పెట్టిన పొట్టి పేరు ఉంటుంది. పెద్దమ్మ దాన్ని తీసేసి తెలుగులో తనే రాసుకుంది: 'మరిదిగారు చెల్లెమ్మ తిక్కపిల్ల ఫిడేలుపిల్ల డిపోలో అందరూ నావాళ్లే'. తిక్కపిల్ల నేనే, వేరే చెప్పాలా?

నాకు బుర్రలో వెలిగింది. మా పెట్టెలో పేరు దాచుకోవడానికి ముప్పైరెండు గడులే ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరానికి ఒక గడి చాలు, తెలుగులో గుణింతపు గుర్తుకి కూడా మూడు కావాలి. ప్రోగ్రామేమో వచ్చిన పేరు పొడుగెంతో చూసుకోకుండా గడుల్లో పోసుకుంటూ పోతోంది.

"అర్థమయ్యేలా చెప్పవే" అంది పెద్దమ్మ.

"ముప్పైరెండు సీట్ల బస్సులోకి నువ్వు ఊరందర్నీ ఎక్కించావు. పట్టనివాళ్లు వెళ్లి డ్రైవర్ ఒళ్లో కూర్చున్నారు. బండి ఆగిపోయింది."

"ఓరి నాయనో! తలుపు దగ్గర లెక్కపెట్టే కండక్టర్ లేడా?"

"లేడు పెద్దమ్మా, అదే కదా మా ఖర్మ!"

"ఇంతేనా? పేరు పొట్టిగా మార్చేస్తే సరి" అంటూ నాన్న ఫోను అందుకున్నాడు.

పెద్దమ్మ నవ్వు ఆగింది. "ఎవర్ని దించమంటారు మరిదిగారూ?"

నాన్న తెర మీదికి చూశాడు. మొదటి పేరు ఆయనదే. ఫోను ఆపి, రెండు చేతులతో ఆవిడకి ఇచ్చి, చెల్లికి ఎదురుగా కుర్చీ తనే తెచ్చి వేశాడు.

చెల్లి వాయించింది. ముగియగానే పెద్దమ్మ ఒళ్లు మరిచిపోయి, "బాగుందే, మళ్లీ వాయించు!" అని బస్సులో అరిచినట్టు అరిచింది. నాన్న తల పట్టుకున్నాడు. తెర మీద పెద్దాయన పకపకా నవ్వి, "నిజమేనమ్మా, ఆ చివరి ముక్క మళ్లీ వాయించు, వింటాం" అన్నారు. అమ్మా, నాన్నా, నేనూ ఒకర్నొకరు గిల్లుకున్నాం.

సోమవారం ఆఫీసులో ఆ పేరునే పరీక్షగదిలో పెట్టెలకి వినిపించాను. అన్నీ వరసగా చతికిలబడ్డాయి. "అంత పొడుగు పేరు ఎవరు పెడతారమ్మా?" అన్నాడు మా బాస్.

"మా పెద్దమ్మ పెడుతుంది సార్. ఆవిడ మంచిది కాబట్టి బండి ఆగి ఊరుకుంది. అదే దొంగయితే, కొలత చూసి మరీ తన మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెడతాడు. అప్పుడు బండి ఆగదు, వాడు తిప్పినచోటికి తిరుగుతుంది. ఆ ఇంట్లోవాళ్ల గుట్టంతా వాడి గుప్పిట్లో ఉంటుంది."

బాస్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ రోజే అందరం పనికి దిగాం. పొడుగు లెక్కచూసే కాపలా పెట్టాం. ముప్పైరెండు దాటినవాటిని కత్తిరించేస్తే చాలదా అన్నారు. చాలదని పోట్లాడి గడులు కూడా పెంచించాను. మావాళ్లలో ఒక్కరు దిగినా ఒప్పుకోను కదా!

చెల్లికి సీటొచ్చిన రోజే మా ఇంటి పెట్టెలోకి కొత్త ప్రోగ్రాం వచ్చింది. కబురు విని పెద్దమ్మ ఆఘమేఘాల మీద వచ్చింది. గేటు దగ్గర ఆగి, అలవాటు ప్రకారం సంచీలోంచి ఫోను తీసి ఆపబోయింది. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

"ఆపకండి వదినగారూ! అందర్నీ వెంటబెట్టుకుని లోపలికి రండి."

ఆవిడ గుమ్మం దాటింది. మేమంతా ఊపిరి బిగబట్టి దీపంవైపు చూశాం. పచ్చగా వెలుగుతూనే ఉంది. నా కంప్యూటర్‌లో చూస్తే ఆ పేరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా అందులో ఉంది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. గట్టిగా మాట్లాడటమే తెలియని మా నాన్న తలుపు మీద అరచేత్తో రెండుసార్లు దబదబా కొట్టి, వీధంతా వినిపించేలా అరిచాడు:

"రైట్, రైట్!"