సెగ ఎరగని దానికి విమానమట!

నేను ఒక డప్పును. వేపచెక్క చట్రం, దూడతోలు మొహం, కడుపులో గాలి తప్ప మరేమీ లేదు. అయినా ఆ ఖాళీ కడుపులో కుళ్ళు ఎంత పడుతుందో మీకు తెలియదు. తర్వాత నన్ను తప్పుపట్టకండి, ముందే చెప్పేస్తున్నాను. ఈ కథంతా కడుపుమంటతో చెబుతున్నదే.

నన్ను చేసింది ఓదెలు. మానేరు ఒడ్డున మా ఊరు. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురు పూసిన చట్రానికి తడిమీదే లాగి బిగించాడు. నీడన ఆరబెట్టి, కోళ్ళు తొక్కకుండా పక్కనే కాపలా కూర్చున్నాడు. ఆరాక గడ్డిమంట వేసి నా మొహానికి సెగ చూపించాడు. సెగ తగిలితేనే మాకు తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. సెగ తగలని డప్పు జలుబు చేసిన మనిషిలా మూలుగుతుంది. అందుకే మావాళ్ళు డప్పు చేతికి రాగానే ఎవరూ చెప్పకుండానే మంట దగ్గరకు నడుస్తారు. ఆ పని వాళ్ళ చేతులకే తెలుసు, బుర్రను అడిగే పనిలేదు.

పెళ్ళికైనా చావుకైనా ముందు నడిచేది నేనే. నేను మోగందే పల్లకి లేవదు, పాడె కదలదు. తీరా ఊరేగింపు గడప దగ్గరకు చేరగానే "ఇగ సాలు, పక్కకు జరుగుండ్రి" అంటారు. నేను లేకుండా బయలుదేరలేరు, నన్ను లోపలికి రానివ్వరు. ఇదేం మర్యాదో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. లోపల ఏముంటుందో చూడాలని మాత్రం చచ్చేంత ఆశ.

ఓదెలు పోయిన రోజు నన్ను ఎవరు కొట్టాలన్నది తేలలేదు. తమ్ముడు లింగన్న మంచి వాయిద్యగాడే కానీ, అన్న పాడె ముందు అతని చేతులు ఆడలేదు. అప్పుడు ఓదెలు కూతురు బుచ్చవ్వ వచ్చి నన్ను భుజాన వేసుకుంది.

"ఆడిది డప్పు కొట్టుడేందే?" అన్నారెవరో.

"మా నాయినకు నేను కొట్టక ఇంకెవలు కొడ్తరు?" అంది.

నా పట్టీ ఓదెలు భుజానికి సరిపడా కుట్టింది. బుచ్చవ్వ భుజం మీద నిలవదు, జారుతుంది. మొదటి దెబ్బకు ముందు ఎడమ భుజం ఎగరేసి, కుడిచేత్తో పట్టీని మెడవైపు లాక్కుంది. అంతే, ఆనాటి నుంచి కొట్టబోయే ముందు ఆ సర్దుడు అలవాటైపోయింది. కొత్త పట్టీ కుట్టించుకోవచ్చు కదా? కుట్టించుకోలేదు. అందుకు నేనెంత మురిసిపోయేదాన్నో!

ఊరు మెల్లగా నోరు మూసుకుంది. జాతరలకు పిలుపులు వచ్చాయి. అలాంటి ఒక జాతరలోనే, హైదరాబాదులో జానపద కళల మీద పనిచేసే మాధురి అనే అమ్మాయి ఆమెను విన్నది. కొన్నాళ్ళకు కబురు తెచ్చింది. సముద్రాల అవతల ఒక దేశంలో పెద్ద జానపద సంగీత సమ్మేళనమట, అన్ని దేశాల వాళ్ళూ వస్తారట, బుచ్చవ్వ అక్కడ వాయించాలట. పెద్ద హాలు, లోపల వేదిక, దీపాలు, వినేవాళ్ళకు మెత్తటి కుర్చీలు.

లోపల! ఆ మాట విని నా తోలు పులకరించింది. గడప బయట అరిగిపోయిన నన్ను పిలిచి లోపలికి రమ్మంటున్నారు. గోడమీది మేకుకు వేలాడుతూ నేను పగటికలలు కన్నాను.

నా సంబరం మాధురి నోటి వెంట వచ్చిన తర్వాతి మాటతోనే చితికింది. "గీ తోలుది ఆ దేశంల రానియ్యరక్కా. విమానం దిగంగనే ఆపుతరు. హాల్ల మంట సుత పెట్టనియ్యరు. ఫైబర్‌ది తీసుకపోదాం."

వచ్చింది మహాతల్లి! ఎర్రటి ఒళ్ళు, చుట్టూ ఇనుప నట్లు, తెల్లటి ప్లాస్టిక్ మొహం. వానకు తడవదు, చలికి ముడుచుకోదు, సెగ అక్కర్లేదు. నట్లు తిప్పితే గొంతు లేస్తుంది. అదీ ఒక గొంతేనా? మిక్చర్ డబ్బా మూత కొట్టినట్టుంటుంది. పైగా దానికి నల్లటి జిప్పు సంచి! నన్ను ఇన్నేళ్ళూ చిరిగిన చీరపేలికలో చుట్టారే, ఒక్కనాడైనా అడిగానా? పేపరువాళ్ళు వచ్చి ఫొటో తీస్తే బుచ్చవ్వ పక్కన నిలబడింది అది. ఆమె భుజానికి సరిగ్గా అతుక్కునే పట్టీ కూడా ఉంది దానికి, సర్దుకునే పనే లేదు. అన్నిటికంటే అదే నన్ను దహించింది. పోట్లాడదామంటే ఆ మొద్దు పలకదు. పలకని సవతిని ఏమని తిట్టేది?

ప్రయాణం రేపనగా వాడవాళ్ళంతా బుచ్చవ్వను సాగనంపడానికి చేరారు. మధ్యాహ్నం ఎండలోనే గడ్డిమంట వేశారు. లింగన్నతో పాటు అందరూ తమ డప్పులకు సెగ చూపిస్తున్నారు. నన్ను దించేవాళ్ళు లేరు. తెరిచిన తలుపులోంచి చూస్తూ ఉడికిపోతున్నాను.

బుచ్చవ్వ నవ్వుతూ, ఎవరితోనో మాట్లాడుతూ ఫైబర్ దాన్ని అందుకుంది. మంట దగ్గరకు నడిచింది. వంగి, దాని మొహం సెగకు పెట్టింది.

"బుచ్చవ్వా! ఏం జేస్తున్నవే! గది పిలాస్టిక్ బిడ్డా!" అని లింగన్న కేక పెట్టాడు.

అప్పటికే అయిపోయింది. తెల్లటి మొహం అప్పడంలా ముడుచుకుని, నడిమధ్య చిల్లు పడింది.

"నాకేమెరుక కాకా," అంది బుచ్చవ్వ, "చెయ్యి గట్ల పోయింది."

నేను నవ్వాను చూడండి! గాలి లేకుండానే మేకు మీద ఊగాను. సెగ ఎరగని దానికి విమానమట! తగిన శాస్తి అయింది అనుకున్నాను.

బుచ్చవ్వ మాత్రం అరుగు మీద కూలబడింది. మాధురి ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. ఆ సైజు మొహం ఇప్పటికిప్పుడు దొరకదన్నారు. "గింత పిలిపిచ్చుకుంటే ఒట్టి చేతులతోని పోవాల్నా?" అని బుచ్చవ్వ కళ్ళొత్తుకుంది. తర్వాత లేచి వచ్చి నన్ను దించింది. "నువ్వే నడువు. దాసిపెట్టుడెందుకు, మనమే సూపిచ్చి అడుగుదాం. కాళ్ళు మొక్కితెనన్న ఇడ్వరా?"

జిప్పు సంచిలో నేను! నా మేకుకు చిల్లుమొహంది! విమానం ఎక్కిన సంగతి కంటే ఆ మార్పిడే నాకు ఎక్కువ మత్తెక్కించింది.

అవతలి దేశంలో దిగగానే ఒక కుక్క వచ్చి సంచిని వాసన చూసి, నా ముందు బుద్ధిగా కూర్చుంది. ఊళ్ళో కుక్కలు నా మోతకు మొరుగుతాయే గాని ఇలా గౌరవించడం ఎరగను. పొంగిపోయాను. ఆ కూర్చోవడం ఇంకొకరిని పిలవడానికని తర్వాత తెలిసింది. తొడుగుల చేతుల ఆఫీసరమ్మ నన్ను బయటికి తీసి, తిప్పి చూసి, తల అడ్డంగా ఊపింది. మాధురి బతిమాలింది. బుచ్చవ్వ నిజంగానే వంగి కాళ్ళు పట్టుకోబోతే ఆమె బెదిరి వెనక్కి జరిగింది.

"పారెయ్యమంటరా, తిరిగిపోయేటప్పుడు తీసుకుంటరా అని అడుగుతుందక్కా."

"పారేసుడేంది! మా నాయిన చేసిండు దీన్ని. ఉంచుమను, మళ్ల అచ్చి తీస్కపోత."

నన్ను అరలో పెట్టారు. పక్కన ఎవరిదో మామిడికాయ పచ్చడి, ఒక కొమ్ముబూర. ఎదురుగా అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. బుచ్చవ్వ ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ గడపే! ఇంత దూరం వచ్చినా నాకు గడప తప్పలేదు.

నవ్వు దిగిపోయింది. ఫైబర్‌ది ఉండి ఉంటే ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండేది కదా అన్న ఆలోచన రాకపోలేదు. అయినా దాని వెనకే ఇంకొకటి తోసుకొచ్చింది. ఇప్పుడు ఏది ఆమె చేతిలో ఉంది? ఎవతె ఆమె వేళ్ళ కింద మోగుతోంది? ఆ అరలో ఉన్నన్నాళ్ళూ నాకు అదే ధ్యాస.

జవాబు ఊరికి తిరిగొచ్చాకే దొరికింది. వాడవాళ్ళంతా మా వాకిట్లో చేరారు. నన్ను లోపల కొత్త మేకుకు తగిలించి, బుచ్చవ్వ గడప మీద కూర్చుని చెబుతోంది. "గాడ ఒక తెల్లజుట్టు అవ్వ, ఆమెకు సుత డప్పే, మేకతోలుది. నా ఒట్టి చేతులు సూసి తనది నాకిచ్చింది. మంట యాడ అని సైగ జేసిన. నవ్వి, ఉరికిపోయి జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చింది. బుస్సుమని సెగ కొడితే, మన తోలు లెక్కనే బిగుసుకున్నది కాకా!"

చచ్చాను. ప్లాస్టిక్‌ది అయితే ఏడ్చిందిలే అనుకునేదాన్ని. ఇది తోలుది! దీనికి సెగ కూడా చూపించింది!

మాధురి ఫోన్ పైకెత్తి అందరికీ వీడియో చూపించింది. నాకూ కనిపించింది. దీపాలు, మెత్తటి కుర్చీలు, నిండా జనం. వేదిక మీద బుచ్చవ్వ. ఎడమచేతిలో ఆ పరాయిది, నున్నగా, అందంగా. దానికి పట్టీ లేదు, చేత్తో పట్టుకునే రకం. హాలు నిశ్శబ్దమైంది. బుచ్చవ్వ కొట్టబోతూ ఎడమ భుజం ఎగరేసింది. కుడిచెయ్యి పైకి వెళ్ళి, భుజం మీద లేని పట్టీని మెడవైపు లాక్కుంది. అప్పుడు కొట్టింది మొదటి దెబ్బ.

"భుజం మీద ఏం సదురుకుంటున్నవే?" అన్నాడు లింగన్న. "ఆడ ఏం లేదు గద!"

బుచ్చవ్వ ఫోన్ వైపు చూసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది.

"నాకేమెరుక కాకా," అంది. "చెయ్యి గట్ల పోయింది."

నాకు నోరుంటే ఆ క్షణాన ఏడ్చేదాన్ని.

అంతమాత్రాన నా కుళ్ళు తగ్గిందనుకునేరు. ఫైబర్‌ది ఇంకా నా పాత మేకు మీదే ఉంది. చిల్లుమొహం చూసి జాలిపడదామనుకుంటే, కొత్త మొహం తెప్పిస్తానని మాధురి అంటోంది. అందుకని ఆ జాలిని దాచుకున్నాను. జిప్పు సంచిని మాత్రం చస్తే వదలను. రేపు బుచ్చవ్వ ఏ దేశమైనా వెళ్ళనీ, ఏ ముద్దరాలినైనా చేతిలోకి తీసుకోనీ. ఆ భుజం నాది.