నోరీన్ దొరటోపీ

నేను ఒక దొరటోపీని. పేరు విని గట్టిదాన్ననుకోకండి, లోపలంతా జీలుగు బెండే. మీ పెళ్లిళ్లలో బాసికాలు చేస్తారే, ఆ బెండే. నీళ్లలో పెరిగి, ఎండి, పలచటి రేకులై, మద్రాసులో ఒక సాయిబు చేతిలో అచ్చు మీద పొరలు పొరలుగా అతుక్కున్నాను. పైన ఖాకీ గుడ్డ, లోపల ఆకుపచ్చ గుడ్డ. వానంటే నాకు ప్రాణభయం, నానితే మెత్తబడిపోతాను. ఎండకి మాత్రం జంకను.

నన్ను కొన్నది ఐరిస్. బిట్రగుంట రైల్వే కాలనీలో ఇంజను డ్రైవరు సిరిల్ హాడ్జెస్ భార్య. వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. తెల్లదొరలు వాళ్లని తమవాళ్లనుకోరు, ఊళ్లోవాళ్లేమో దొరలే అనుకుంటారు. ఆ మధ్యలోనే వాళ్ల డాన్సులు, క్రిస్మస్ కేకులు, ఆదివారం పసుపన్నం, కైమా ఉండల బాల్ కర్రీ. టోపీ లేకుండా గడప దాటడమంటే ఆ కాలనీలో చొక్కా లేకుండా చర్చికి పోవడమే.

ఐరిస్ కూతురు నోరీన్‌కి ఆరేళ్లు. ముక్కు తండ్రిది, రంగు అమ్మమ్మది. నిగనిగలాడే నేరేడుపండు రంగు. పిల్లని కొండమీది పెద్ద బడిలో వెయ్యాలని ఐరిస్ ఆరాటం. తన చదువు మధ్యలోనే ఆగిపోయింది కదా, ఆ బాధ. ఆ బడిలో చదివితే పిల్ల నర్సో, టెలిగ్రాఫు ఆఫీసులో ఉద్యోగస్తురాలో, ఏదో ఒకటి అవుతుంది. కానీ అక్కడ సీటివ్వడానికి ముందు పిల్లని చూస్తారు, ఇల్లు చూస్తారు. పైకి అనరు గానీ రంగూ చూస్తారు.

అందుకని పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా నేను నోరీన్ నెత్తినే. మబ్బు పట్టినా, వరండాలో బొమ్మలతో ఆడుకుంటున్నా సరే.

"టోపీ తియ్యకు నోరీన్, నల్లబడిపోతావు!"

నేనేం చెయ్యను? నీడ ఇవ్వడం నాకొచ్చు, రంగు మార్చడం రాదు. పిల్ల నుదుట చెమటకాయలు మాత్రం లేచాయి.

సిరిల్ నవ్వేవాడు. "ఏం మ్యాన్ ఐరిస్, రోజంతా బొగ్గులో ఉండేది నేను. ముందు నాకు పెట్టు టోపీ."

"నీకేం, సబ్బు పెడితే పోతుంది," అనేది ఐరిస్. ఆ మాటకి సిరిల్ నవ్వు ఆగిపోయేది.

అమ్మమ్మ అన్నాను కదా, ఆమె రత్తమ్మ. ఐరిస్ కన్నతల్లి. రైలు గార్డు విల్మాట్ గారిని పెళ్లాడి, ఆయన పోయాక తన ఊరెళ్లి మిరపతోట చూసుకునేది. అప్పుడప్పుడూ రైలెక్కి వచ్చేది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆమె అమ్మ, ఎవరైనా వస్తే ఆయా. తల్లీకూతుళ్ల ఒప్పందం అది. "నా మనవరాలికి మేలు జరుగుతుందంటే, ఆయా అంటే అరిగిపోతానా?" అనేది రత్తమ్మ.

ఆ ఏప్రిల్‌లో కొండమీది బడి పెద్ద టీచరు మిస్ గ్రిగ్స్ భోజనానికొచ్చింది. వంట చెయ్యడానికి ఊరినుంచి వచ్చిన రత్తమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. బాల్ కర్రీ రెండుసార్లు వడ్డించుకుని, "మీ ఆయా చేతిలో ఏదో ఉందమ్మా, మా హాస్టలుకి పంపకూడదూ?" అంది మిస్ గ్రిగ్స్. ఐరిస్ నవ్వింది. ఆ నవ్వు పెదాల మీదే ఉంది.

భోజనాలయ్యాక వరండాలో టీ. వంటింటి తలుపులోంచి మూట చంకన పెట్టుకుని రత్తమ్మ బయల్దేరింది, మధ్యాహ్నం బండికి. మాడ్చేసే ఎండ. వరండా ముందునుంచే పోవాలి. తల వంచుకుని, ఇటు చూడకుండా పోతోంది.

నోరీన్ చూసింది. గబగబా మెట్లు దిగి పరిగెత్తింది. నన్ను తీసి అమ్మమ్మ తలమీద పెట్టేసింది.

"అమ్మమ్మా, ఎండ! నల్లబడిపోతావు!"

నా లోపలి గుడ్డకి మొదటిసారి ఆముదం వాసన తగిలింది. రత్తమ్మ గబుక్కున నా అంచు పట్టుకుంది. "తియ్యి తల్లీ, నేను ఆయాని, ఆయాని," అంది, వరండాలోకి వినపడేలా.

మిస్ గ్రిగ్స్ కప్పు దించింది. "ఎవరామె?"

అబద్ధం ఐరిస్ నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఆయాని పిల్ల ముద్దుగా అలా పిలుస్తుందంటే సరిపోయేది. కానీ పిల్ల నడి ఎండలో వట్టి తలతో నిలబడి తల్లివంకే చూస్తోంది.

"మా అమ్మండీ," అంది ఐరిస్. "మీకు నచ్చిన కూర ఆమే వండింది." మెట్లు దిగి వచ్చి తల్లి చంకలోని మూట లాక్కుంది. "ఈ ఎండలో ఎక్కడికే అమ్మా? సాయంత్రం బండికి పోదువులే, లోపలికి రా."

మిస్ గ్రిగ్స్ టీ పూర్తిగా తాగి, మర్యాదగా థ్యాంక్స్ చెప్పి వెళ్లింది. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, కొండమీంచి కబురు రాలేదు. ఐరిస్ కొన్నాళ్లు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత పిల్లని దగ్గర్లోని మిషన్ బడిలో వేసింది. అక్కడ ఎవరికీ టోపీ లేదు.

నేను రత్తమ్మతో మిరపతోటకి వచ్చేశాను. కూలి ఆడవాళ్లు పడిపడి నవ్వేవాళ్లు.

"ఏమ్మో దొరసానీ, కూలి పెంచవా?"

"ముందు సలాం కొట్టండే, పెంచుతా!"

దొరలు ఓడలెక్కి పోయారు. టోపీలూ పోయాయి. నేను మాత్రం రత్తమ్మ వసారాలో తిరగేసి వేలాడుతున్నాను. నాలో కోడి గుడ్లు పొదుగుతోంది. నెత్తికెక్కాల్సిన నామీద కోడి ఎక్కి కూర్చుంది, చూశారా!

నిన్న ఐరిస్ వాళ్లంతా వచ్చారు. నోరీన్ ఇప్పుడు ఆ మిషన్ బడిలోనే టీచరు. ఆమె చంటిపిల్ల దేకుతూ వాకిట్లో ఎండలోకి పోయింది. ఐరిస్ చటుక్కున లేచింది, పాత అలవాటు. లేచి నావంక చూసింది.

రత్తమ్మకి చూపు బాగా తగ్గింది. "పాప ఎవరి పోలికే?" అనడిగింది.

"నీ పోలికేనమ్మా. అచ్చం నీ రంగు."

"అయితే టోపీ దించాలేమో?" ముసలామె బోసినోటితో నవ్వింది.

"వద్దులే, కోడి పొదుగుతోంది," అని ఐరిస్ వెళ్లి పాప పక్కనే ఎండలో కూర్చుంది.

నాలో కోడి ఒకసారి కదిలి, రెక్కలు సర్దుకుంది.