మిట్టమధ్యాహ్నపు వల

"సముద్రం ఖాళీ అని రాసిన చేతులు మీవే! పట్టపగలు పైపైన వల ఈడ్చి, ఏమీ పడలేదని సంతకాలు పెట్టిన దొంగలు మీరే!"

విచారణ గదిలో చివరి వరుసలోంచి లేచి సీసాలక్క అరిచిన అరుపుకి అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఇరవై రెండేళ్లు సముద్ర పరిశోధన కేంద్రంలో సీసాలు కడిగి, వలలో పడ్డ జంతు ప్లవకాలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన మనిషి. సముద్రంలో ప్రాణమే లేదన్న నివేదిక తప్పని మొహం మీదే అన్నందుకు నెల క్రితం ఆ కేంద్రం నడిపే పెద్దసారు ఆమెను గేటు బయటికి గెంటించాడు. అప్పట్నుంచి ఆమెకు ఒకటే పంతం. ఆయన పరువు పదిమందిలో తీయాలి.

ఇవాళ అనుమతి వస్తే రసాయనాల ఫ్యాక్టరీ గొట్టం నేరుగా సముద్రంలోకి దిగుతుంది. ప్రాణం లేని నీళ్లలో విషం కలిస్తే పోయేదేముందని పెద్దసారు వాదన. ఏడాది పొడవునా, పగలూ రాత్రీ పరీక్షించామంటూ పన్నెండు ముదురు రంగు సీసాలు బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాడు.

"కూర్చోమ్మా. సీసాలు కడిగేదానివి, నీకేం తెలుసు?" అన్నాడు.

"కడిగేదాన్నే సార్. ఇవాళ మిమ్మల్నే కడుగుతా."

పక్కనే ఉన్న ఆమె తమ్ముడు, పడవ నడిపేవాడు, పగలబడి నవ్వాడు. "బాగా రుద్దక్కా, జిడ్డు మనిషి!"

సీసాలక్క బల్ల దగ్గరికి నడిచి, విచారణాధికారిణి ఎదుట నిలబడింది. "మేడమ్, ఈ ప్లవకాలు సూదిమొనంత ప్రాణులు. చేపల కంట పడితే చచ్చామని పగలంతా లోతుకి దిగిపోతాయి. చీకటి పడ్డాక మేతకి పైకొస్తాయి. వానలు తగ్గాక చూడాలి, వల ఎత్తితే జిగురులా చిక్కగా పడతాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పైపైన వేస్తే నీళ్లు తప్ప ఏం పడతాయి?"

"మూతల మీద చదువుకో. అర్ధరాత్రి అని లేదూ?" అన్నాడు పెద్దసారు.

ఆమె వరసగా మూడు మూతలు తిప్పేసింది. నమూనాలు కుళ్లకుండా పోసిన ఫార్మలిన్ మందు ఘాటుకి అధికారిణి ముక్కు మూసుకుంది. సీసాలక్క పట్టకారుతో ఒక్కో సీసాలోంచి తడి కాగితం ముక్క తీసి పరిచింది.

"సిరా అయితే ఈ మందులో చెదిరిపోతుంది. అందుకని వల ఎత్తగానే పెన్సిల్‌తో చీటీ రాసి లోపలే వేస్తాం. మూతలైతే ఎవరైనా మారుస్తారు. చదవండి మేడమ్."

మూతల మీద మూడు కాలాలు. చీటీల మీద ఒకటే తేదీ, నడివేసవి. మూడింటి మీదా మధ్యాహ్నం పన్నెండు.

పెద్దసారు మిగతా సీసాలను తన వైపుకి లాక్కున్నాడు. "నీకు పని నేర్పింది నేను. అది గుర్తుపెట్టుకో."

"గుర్తుంది సార్. చీటీ పెన్సిల్‌తోనే రాయమన్నది మీరే."

ఆయన మొహం మాడిపోతుంటే ఆమె కళ్లు తిప్పుకోలేదు. తనివితీరా చూసింది.

అధికారిణి కాగితాలు సర్దుకుంది. "సరే, విచారణ వాయిదా వేస్తున్నాం."

సీసాలక్క అరచెయ్యి ఆ కాగితాల మీద పడింది.

"వాయిదా ఎందుకు? ఈసారి చీటీలు కూడా మార్చడానికా? నివేదిక మీద ఆయన సంతకం ఇప్పుడే, ఇక్కడే కొట్టెయ్యండి. గొట్టానికి అనుమతి ఆపండి. వానలు తగ్గే నెలలో, చీకట్లో, అందరి ముందూ మళ్లీ వల వెయ్యండి. పడవ మా తమ్ముడిస్తాడు. తాడు మాత్రం ఈయనే లాగాలి. చేతులు బొబ్బలెక్కేదాకా లాగించండి!"