పదిహేడు చోట్ల గిల్లుడు

చేత్తో చొక్కా కాజాలు కుట్టడంలో ఆమె పెట్టింది పేరు. అందుకే వీధంతా ఆమెను కాజాల అక్క అనేవాళ్లు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట చన్నీళ్లు తగిలితే చాలు, వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడటం మొదలైంది. రానురాను చేతుల మీద చర్మం బిగదీసుకుపోయింది. నోరూ సరిగ్గా తెరుచుకునేది కాదు.

"ఇన్నాళ్లకి నా మొర విన్నాడు దేవుడు, నీ నోరు మూతపడింది" అని వేళాకోళమాడుతూనే, కుట్టుషాపులో తోడుండే వదిన ఆమెను ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, సిస్టమిక్ స్క్లెరోసిస్, అంటే చర్మం గట్టిపడిపోయే జబ్బని తేల్చింది.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా డాక్టరుగారూ?"

"మీ తప్పేం లేదమ్మా. రోగాల నుంచి కాపాడాల్సిన తెల్లకణాలు దారి తప్పాయి. వాటిలో టీ కణాలని, బీ కణాలని ఉంటాయి. మీ ఒంటినే పరాయిదనుకుని కబుర్లు పంపుతున్నాయి. గాయం మాన్పే పీచును అల్లే కణాలు అది విని, గాయం లేకపోయినా అల్లుతూనే ఉన్నాయి."

కాజాల అక్క ఆలోచించింది. "చిరగని గుడ్డకి మాసికలు వేస్తున్నాయన్నమాట."

"ఇంత బాగా నేనూ చెప్పలేను" అంది డాక్టరమ్మ.

బీ కణాలను తగ్గించే మందు సెలైన్‌లా ఎక్కించారు. ఆర్నెల్లు తేడా ఏమీ కనబడలేదు. ఆ ఆర్నెల్లూ కాజాలు వదినే కుట్టింది. వాటిలో బొత్తం దూర్చాలంటే తలప్రాణం తోకకొచ్చేది.

వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ ఒంటిమీద పదిహేడు చోట్ల చర్మం గిల్లి చూసి మార్కులు వేసేది. ఏడాది తిరిగాక ఒకరోజు ముంజేయి గిల్లితే చర్మం మెత్తగా పైకి లేచింది.

"పోయినేడు ముప్పై. ఇప్పుడు పంతొమ్మిది. ఈ పరీక్షలో మార్కులు తగ్గితేనే పాసు" అంది డాక్టరమ్మ. "పూర్తిగా పోతుందని మాటివ్వలేను. కానీ దారిలో పడ్డాం."

"నన్నూ ఓసారి గిల్లనివ్వండి, ఎన్నాళ్లనుంచో చెయ్యి దురద పెడుతోంది" అని వదిన కాస్త గట్టిగానే గిల్లింది. కాజాల అక్క కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. వదిన మాత్రం కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బయట బెంచీ మీద లెక్కల టీచరొకామె చేతులు శాలువాలో దాచుకుని కూర్చుంది. ఆమెకూ అదే జబ్బట, ఇవాళే తెలిసిందట. కాజాల అక్క పక్కనే చతికిలబడి, తెల్లకణాల సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. వినీ వినీ టీచరు శాలువా పక్కన పెట్టి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. ఎక్కాల్సిన బస్సులు రెండు వెళ్లిపోయాయి. మాటల్లో మునిగిన ముగ్గురికీ ఆ ఊసే లేదు.