కోర్నేలిస్ గారి రబ్బరు సంతకం

నేను ఒక రబ్బరు ముద్రను. దస్తావేజులు, ధ్రువపత్రాల లాంటి పెద్ద పనులేవీ నాకు దక్కలేదు. హాలండు దేశంలో, హార్లెం ఊళ్లో, ఒక బొమ్మల కథల కార్ఖానాలో ముప్పై ఏళ్లు అబద్ధమాడటమే నా ఉద్యోగం.

యజమాని పేరు కోర్నేలిస్. కళ్లజోడు పెట్టుకున్న కొంగ ఒకటి దొంగలను పట్టే కథ ఆయన పేరుతో రోజూ పత్రికలో వచ్చేది. మొదటి ఏడాది తానే గీశాడు. ఆ తర్వాత గీయడం మానేసి, పేరు మాత్రం ఉంచుకున్నాడు. గీసేవాడు వీబ. కొంగ, కాలువ, వాన, దొంగలు అన్నీ అతని చేతివే. సంతకం మాత్రం యజమానిది. ఇలాంటి చోట్ల అదే ఆచారమట. ఆ మహానుభావుడికి సంతకం చేయడానికి కూడా బద్ధకమేసి నన్ను చేయించాడు. ఆయన రాత కోడి కెలికినట్టుండేది కనుక, అందమైన సంతకం ఒకటి వీబ చేతే గీయించి నా ముఖాన చెక్కించాడు. వీబ ఎంతో శ్రద్ధగా గీసిచ్చాడు. తన గొయ్యి తానే తవ్వుకునే మనిషిని చూడటం నాకదే మొదలు.

శనివారం కాఫీ వేళకు వారం బొమ్మలన్నీ బల్ల మీద పరిచేవాడు వీబ. కోర్నేలిస్ నన్ను సిరాలో అద్ది టపటపా కొట్టేవాడు. తర్వాత డబ్బా తెరిచి ఒక్క బిస్కెట్టు ఇచ్చి, వెంటనే మూత పెట్టేవాడు. దానికీ దండం పెట్టినంత పని చేసేవాడు వీబ.

"ఒక్క బొమ్మ కిందైనా నా పేరు వేస్తే... మా ఆవిడ ఆన్నెకె రోజూ పేపర్లో అదే వెతుకుతుందండీ," అని ఒకసారి గొణిగాడు.

"నేను పోయాక అంతా నీదేగా! తొందరెందుకయ్యా?"

చివరికి ఆయన పోయాడు. "ఇక మీ పేరే పెట్టుకోండి" అని పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. ఆ రోజు ఆన్నెకె స్వయంగా కార్ఖానాకు వచ్చింది. "పీడ విరగడైంది" అంటూ నన్ను చెత్తబుట్టలో పారేసింది. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే కలిగింది.

"పెట్టండి సంతకం, చూస్తాను," అంది.

పైన కలం గీరుకున్న చప్పుడు వినిపించింది.

"అదేంటండీ! మళ్లీ ఆయన పేరే రాశారు?"

"నా పేరుంటే జనం నకిలీ అనుకుంటారే," అన్నాడు వీబ.

ముప్పై ఏళ్లు దొంగకు సేవ చేసినా నాకింత అసహ్యం వేయలేదు. ఆన్నెకె కోటు తొడుక్కుని, ఒక్కతే ఇంటికి వెళ్లిపోయింది.