దొర కుర్చీలో కొండముచ్చు

నేను ఒక వాలుకుర్చీని. అంత మాత్రమే చెబితే మీరు నన్ను తేలిగ్గా తీసేస్తారు కాబట్టి నా పుట్టుక కూడా చెప్పనివ్వండి. నాది మంచి టేకు. మా ఊరి గడీలో ఉండే దొర నడుముకు కొలత పెట్టి మరీ వడ్ల నాంపల్లి నన్ను చేశాడు. నా చేతులు ఎంత పొడవంటే, దొర వెనక్కి వాలి రెండు కాళ్ళూ వాటిమీద బారచాపుకునేవాడు. పని పూర్తయిన రోజున నా గట్టితనం చూడటానికి ఎవరినైనా ఒకసారి కూర్చోబెడదామనుకున్నాడు నాంపల్లి. ఒక్కరూ ముందుకు రాలేదు. తనకూ ధైర్యం చాలలేదు. కూర్చోవడం మాట అటుంచండి, గడీ ముందు చెప్పులతో నడవడానికే జనం జంకే రోజులవి. చివరికి ఒక ఇసుక బస్తా తెచ్చి నామీద పడేసి, పరవాలేదని తేల్చుకున్నాడు. నామీద మొదట కూర్చున్నది దొర కాదు, ఇసుక బస్తా. ఈ ముక్క దొరకు చివరిదాకా తెలియదు.

ఆ తర్వాత కాలం తిరగబడింది. బండ్లు ఓడలు కావడం నేను చూడలేదు గాని, ఓడలు బండ్లు కావడం మాత్రం కళ్ళారా చూశాను. దొర పట్నం వెళ్ళిపోయాడు, గడీలో గబ్బిలాలు దిగాయి. నేను బడి హెడ్మాస్టరు ఇంటికి చేరి, ఆయన గురకకు కొన్నేళ్ళు కాపలా కాశాను. ఆయనకు బదిలీ అయినప్పుడు సామానుల లారీలో చోటు చాలక నన్ను వదిలేశాడు. అప్పుడే బస్సు డ్రైవరు ఓదెలు నన్ను చూసి, బస్సు టాపు మీద కట్టుకుని తన ఊరికి తెచ్చుకున్నాడు.

ఓదెలు తండ్రి ఒకప్పుడు గడీలో నా ఎదుటే చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. అందుకేనేమో, మొదటి రోజు ఓదెలు నా అంచున ఆనీ ఆననట్టు కూర్చున్నాడు. లోపలి నుంచి చూసిన భార్య కనకవ్వ నవ్వింది.

"మంచిగ కూసో. దొరేం రాడు తియ్" అంది.

అలా మంచిగా కూర్చున్నవాడు, ఉద్యోగం దిగిపోయాక ఇక లేవలేదు. కొన్నేళ్ళకు నా గుడ్డ నడుము దగ్గర చిరిగితే కనకవ్వ పాత పరుపు గుడ్డ ఒకటి వెనకవైపు అతుకు వేసింది. మూడువైపులా కుట్టేసరికి దారం అయిపోయింది. నాలుగో వైపు తర్వాత కుడదామనుకుంది. ఆ తర్వాత ఇంకా రాలేదు. ఓదెలుకు మాత్రం అది సంచిలా కలిసొచ్చింది. బీడీ కట్ట, అగ్గిపెట్టె అందులో దాచుకునేవాడు. కనకవ్వకు తెలియదనుకునేవాడు. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న ఆడదానికి బీడీ వాసన తెలియదనుకునే మగవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఇక కనకవ్వ సంగతి. ఆమె తల్లిగారి ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయింది. ఇల్లు, పొలం, అమ్మానాన్నల సమాధులు అన్నీ ఆ నీళ్ళ కిందే ఉన్నాయి. ఆమెకు మిగిలింది ఒక్కటే, వాళ్ళమ్మ కొంగున కట్టి ఇచ్చిన చిక్కుడు విత్తనం. వెడల్పాటి కాయ, అంచున వంకాయ రంగు. ఏటా పెరట్లో పెట్టేది, కొన్ని కాయలు విత్తనానికి వదిలేది. వాటిని పొరపాటున ఎవరూ కొయ్యకుండా తన పాత చీర చింపి ఎర్ర పీలిక కట్టేది.

కాని ఊరి మీదికి కోతులు దిగాయి. పెంకులు పీకాయి, జామచెట్లు దులిపాయి, పొయ్యి మీది అన్నం కూడా ఎత్తుకెళ్ళాయి. రెండేళ్ళుగా కనకవ్వ చిక్కుడు తీగ పూత దశలోనే నేల పాలయింది. ఆ ఏడు చివరి గుప్పెడు గింజలు పెట్టింది. ఇవి పోతే ఇక ఊరు లేదు, విత్తనమూ లేదు. 

సరిగ్గా పూత పట్టే వేళకు ఐలయ్య వచ్చాడు. అతనికి ఒక కొండముచ్చు ఉంది. దాన్ని వాడవాడలా తిప్పి కోతులను బెదరగొట్టడం అతని బతుకుతెరువు. నల్లటి మొహం, తెల్లటి కనుబొమలు, బారెడు తోక. భార్యకు కాలు విరిగిందని, ఆసుపత్రిలో పక్కన ఉండాలని చెప్పి, తాడు కనకవ్వ చేతిలో పెట్టాడు.

"ఒక్క మూడొద్దులు ఉంచుకో అవ్వా. నీ తీగకు కావలుంటడు" అన్నాడు.

కనకవ్వ మొహం వెలిగింది. ఓదెలు తాడును నా కాలికి కట్టాడు. కొండముచ్చు ఒకసారి చుట్టూ చూసి, నామీదికి ఎక్కి, వెనక్కి వాలి, రెండు కాళ్ళూ నా చేతులమీద బారచాపింది. నిజం చెబుతున్నాను, ఒళ్ళు జలదరించింది నాకు. అలా కూర్చున్న మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో.

"అబ్బో, దొర దిగిండు" అంది కనకవ్వ. అదే పేరు నిలిచిపోయింది.

కోతులు గోడ మీదికి వచ్చి, దొరను చూసి, వచ్చిన దారినే పోయాయి. కనకవ్వ దొరకు రొట్టె పెట్టింది, బెల్లం పెట్టింది. చుట్టానికి మూడు రోజుల మర్యాద. ఐలయ్య జాడ లేదు. రొట్టెలో బెల్లం మాయమైంది. వారం తిరిగింది, నెల గడిచింది. భార్య కాలికి ఇంకో ఆపరేషన్ అంటున్నారని ఎవరో కబురు తెచ్చారు. ఈలోగా దొర తన అసలు గుణం చూపించాడు. కోతులను రానివ్వని మాట నిజమే, కాని చిక్కుడు ఆకు అతనికి ప్రాణం. తాడు అందకపోతే నన్నూ జానెడు జానెడు ఈడ్చుకుంటూ తీగ దగ్గరికి పోయేవాడు. కంచె చేను మేస్తుంటే ఆ కంచెకు బండిగా నన్ను వాడుకున్నారన్నమాట.

"చుట్టమై వచ్చి దయ్యమై పట్టిండు గదనయ్యా" అని కనకవ్వ తల బాదుకునేది. "ఆ కుర్చీల నుంచి లేపు."

"నేను లేపితే లేస్తడా? నన్నే లేపిండు" అనేవాడు ఓదెలు వాకిలి పక్క మట్టి గద్దె మీద నుంచి. పాపం, తన కుర్చీ పోయిందన్న బాధ కన్నా, అందులో ఉన్న బీడీ కట్ట అందడం లేదన్న బాధ అతనికి ఎక్కువ. ఒకరోజు భార్య లేని సమయం చూసి, దొర పక్కనుంచి చెయ్యి దూర్చి, బీడీలు తీసుకున్నాడు. దొర తల వంచి ఆ సంచీ లోపలికి చాలాసేపు చూశాడు. మనుషులు ఏం నేర్పాలనుకుంటారో అది జంతువులు నేర్చుకోవు. దాచిపెట్టి చేసేది మాత్రం ఇట్టే పట్టేస్తాయి.

అంత తిట్టే కనకవ్వకూ ఒక బలహీనత ఉంది. మధ్యాహ్నం తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకోవడానికి నా పక్కన ఎండలో కూర్చునేది. దొర నామీది నుంచే వంగి, ఆమె జుట్టు పాయలు పాయలుగా విడదీసి పేలు చూసేవాడు. మునుపు ఆ పని చేసిపెట్టిన ఎదురింటి భూలచ్చవ్వ పోయాక, కనకవ్వ తలమీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. మొదటిసారి ఉలిక్కిపడింది. తర్వాత కళ్ళు మూసుకుంది. అలా కళ్ళు మూసుకునే "దొంగ సచ్చినోడు, తీగంత బొక్కిండు" అని మెల్లగా తిట్టేది. ఆ తిట్టు వింటూ దొర తన పని తాను చేసుకునేవాడు. ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చిన పొద్దు అదే.

ఇంత మేసినా తీగ కాసింది. కనకవ్వ ఏరి ఏరి కొన్ని మంచి కాయలకు ఎర్ర పీలికలు కట్టింది. రోజూ పొద్దున వెళ్ళి వాటిని వేళ్ళతో తడిమి చూసేది. కాయ ముదిరింది, గింజ గట్టిపడింది, ఇక ఎండడమే తరువాయి.

ఒక పొద్దున వెళ్ళి చూస్తే ఒక్క పీలిక లేదు. కట్టిన కాయలన్నీ పోయాయి. పచ్చటి తీగలో ఎర్రగా కనపడితే దొర చెయ్యి ఊరుకుంటుందా? ఆమె వెనక్కి తిరిగేసరికి అతను నామీద కూర్చుని వేలికి చుట్టుకున్న ఒక ఎర్రదారం పోగును లాక్కుంటున్నాడు. కనకవ్వ చేతిలో కట్టె ఉంది, కాని కొట్టలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని ఓదెలు అన్నాడు.

నాకు మొత్తం తెలుసు. కాయలన్నీ నా వీపు వెనక, నాలుగో వైపు కుట్టని ఆ అతుకులోనే ఉన్నాయి. కాని కుర్చీకి నోరెక్కడిది? కిర్రుమన్నాను. విరిగిపోయేంతగా కిర్రుమన్నాను. "గీ కుర్చీకి నూనె పెట్టాలె" అన్నాడు ఓదెలు.

విధి కాకపోతే, అదే పొద్దున ఐలయ్య వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. కొండముచ్చులను ఇలా కట్టేసి తిప్పకూడదని అడవి ఆఫీసరు గట్టిగా చెప్పాడట. ఇక ఈ పని మానేసి, గుట్టల్లో వదిలేస్తానన్నాడు.

"తీస్కపో" అంది కనకవ్వ తల తిప్పకుండా.

ఐలయ్య తాడు విప్పాడు. దొరను భుజానికి ఎక్కించుకుని, గడప దగ్గర ఆగాడు. "పోయొస్తం అవ్వా" అన్నాడు, ఇద్దరి తరఫునా.

మన దగ్గర ఇంటి నుంచి కదిలేవాళ్ళను ఎవరూ పొమ్మనరు. పోట్లాడి బయల్దేరిన అల్లుడినైనా "పోయి రా బిడ్డా" అనే సాగనంపుతారు. ఆ "రా" లేని "పో" చెవిన పడితే గడపకే మంచిది కాదంటారు. కనకవ్వ ఆ రోజు "పో" అంది. అంతే అంది.

దొర ఐలయ్య భుజం మీది నుంచి వెనక్కి తిరిగి చూశాడు. నన్ను చూశాడో, నా వెనక సంచిని చూశాడో చెప్పలేను.

తాడు వాసన పోకముందే కోతులు దిగాయి. తీగలో మిగిలిన ప్రతి కాయా, ప్రతి ఆకూ, చివరికి పందిరి కర్రలు కూడా పీకి పారేశాయి. కనకవ్వ గడపలో కూర్చుని చూసింది. ఒక రాయి కూడా విసరలేదు. మధ్యాహ్నాలు తలంటుకుని నా పక్కన కూర్చునేది, అలవాటుగా తల కొంచెం వెనక్కి వాల్చేది, మళ్ళీ సర్దుకునేది. ఒకసారి ఓదెలు తానే పేలు చూస్తానన్నాడు. బస్సు గేరు లాగినట్టు జుట్టు లాగాడు. ఆమె అతని చెయ్యి తీసి పక్కన పెట్టి, "వద్దులే" అంది.

ఓదెలు కూడా గద్దె మీదే కూర్చునేవాడు. నేను ఖాళీగానే ఉన్నాను. ఎందుకు కూర్చోవని పక్కింటివాళ్ళు అడిగితే, గుడ్డకు కొండముచ్చు వాసన అని చెప్పేవాడు. సాయంత్రం ఎవరూ చూడనప్పుడు మాత్రం వచ్చి నా చెయ్యి మీద చెయ్యి వేసి నిలబడేవాడు. మొదటి దొర పట్నం పోయినప్పుడు కూడా నా కోసం ఎవరూ అలా నిలబడలేదు. రెండో దొర నాలుగు కాళ్ళ మీద వచ్చినా, నాకు మర్యాద తెచ్చింది అతనే.

ఎండలు ముదిరాక ఆ గుడ్డ ఉతికేద్దామని కనకవ్వ నా పై కర్ర లాగింది. గుడ్డ తిరగేసి దులిపింది. గలగలమంటూ ఏవో రాలాయి. ఎండి, మెలితిరిగి, అంచున ఇంకా వంకాయ రంగు చాయ ఉన్న కాయలు. ప్రతిదానికీ ఎర్ర పీలిక. వాటి మధ్య ఒక పాత బీడీ.

కనకవ్వ ఒక కాయ తీసి, పీలిక ముడిని వేలితో తడిమింది. తర్వాత "ఓయ్, ఇటు రా. దాసిపెట్టిండు సూడు" అంది.

ఓదెలు వచ్చి చూసి, ముందు బీడీ తీసి జేబులో వేసుకున్నాడు. "తిననీకె దాసుకున్నడే, నీకోసమా?" అన్నాడు. కాని ఆ మాట అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అతను తినడానికే దాచుకున్నాడో, దాచడం ఒక ఆటగా నేర్చుకున్నాడో నాకూ తెలియదు. అన్ని నెలలు అతన్ని మోసినా అడగలేకపోయాను. కనకవ్వ అయితే ఆ సంగతి అడగనే లేదు. ఆ కాయలు ఒడిలో పోసుకుని, గింజలు ఒలుస్తూ, "నేను పో అన్న. నోటితోని పో అన్న" అని తనలో తాను అంటూనే ఉంది. పుచ్చినవి పోగా మిగిలిన గింజలను పీలికలతో సహా డబ్బాలో దాచింది.

తొలకరికి గింజలు పెట్టింది. ఈసారి ఓదెలు ఊరికే కూర్చోలేదు. చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళను బతిమాలి పాత వల తెచ్చి కప్పాడు. నా గుడ్డను కుట్టి, గడ్డి కూరి, మసితో మొహం పూసి ఒక బొమ్మ దొరను చేసి నా చేతుల మధ్య కట్టి కూర్చోబెట్టాడు. కోతులు నాలుగు రోజులు జంకాయి. అయిదో రోజు దాని తోక పీకాయి. వల మాత్రం నిలబడింది. గుడ్డ లేని నా చట్రాన్ని తీగ మొదట్లో వాల్చి పెట్టారు. దొర కాళ్ళు చాపుకున్న నా చేతుల మీదుగా చిక్కుడు తీగ పాకి, పూసి, కాసింది. పందిరిగా బతకడంలో కుర్చీతనానికి లోటేమీ లేదు. బరువు మోయడం పాత పనే.

చలికాలంలో ఐలయ్య ఆ దారిన వచ్చాడు. ఇప్పుడు మేకలు కాస్తున్నాడు. గుట్ట కిందికి తోలుకెళ్తే, పైన గుంపులో దొర ఒక్కోసారి కనపడతాడట. పిలిస్తే చూస్తాడట గాని దిగిరాడట.

కనకవ్వ లేచి వెళ్ళి, వల ఎత్తి, కాయలు కోసింది. విత్తనానికి ఎర్ర పీలికలు కట్టి ఉంచిన వాటిలోంచే కోసింది. కొంగు చింపి మూటకట్టి ఐలయ్య చేతిలో పెట్టింది.

"చుట్టాన్ని వట్టి చేతుల్తోని పంపిన. గుట్ట మీద పెట్టు" అంది.

"పెడ్త అవ్వా."

"ఇంకోటి జెప్పాలె వానికి."

"రమ్మని జెప్పాల్నా?"

కనకవ్వ నా చెయ్యి మీది తీగను సర్దింది.

"వద్దు, వాని ఇల్లు వానిది. కనకవ్వ పోయి రా అన్నదని చెప్పు" అంది.

ఐలయ్య నవ్వలేదు. ఆ మాటను కూడా మూటతోపాటు జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళాడు.