గేటుకు కట్టిన షిరోమానీలు

"తలనొప్పికి ఎవరూ చావరమ్మా," అంది అత్యవసర విభాగం కౌంటర్లోని నర్సు.

ఏడు నెలల కడుపుతో జల్హాతా గోడకానుకుని నిలబడింది. కళ్ళముందు మెరుపులు మెరుస్తున్నాయని చెప్పింది. రక్తపోటైనా చూడమని ఆమె అక్క మొయినేశా బతిమాలింది. నర్సు పక్కనున్న డాక్టరు వైపు తిరిగింది. "వీళ్ళకెప్పుడూ ఇంతే. నొప్పి చారెడు, అరుపు బారెడు." డాక్టరు నవ్వి, ఒక మాత్ర రాసిచ్చి, తలుపు చూపించాడు.

మర్నాడు తెల్లారేసరికి తల్లీ పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

ఫ్రాన్సులోని మార్సెయ్‌ నగరంలో, ఆఫ్రికా పక్కనున్న కొమోర్ దీవుల మనిషి కన్నుమూస్తే, వాళ్ళ ఊరి సంఘం చందాలు పోగుచేసి శవాన్ని సొంత మట్టికి పంపుతుంది. విమానాశ్రయంలో సరుకుల షెడ్డు దగ్గర జల్హాతా పెట్టె పక్కనే ఇంకో పెట్టె కనబడింది. దాని మీద చెయ్యివేసి ఒక ముసలామె కూర్చునుంది.

"మీ మనిషెవరమ్మా?"

"కోడలు. నిండు చూలాలు. తలనొప్పని పోతే మాత్రిచ్చి పంపేశారు."

అదే ఆసుపత్రి. ఇన్నేళ్ళూ ఏ ఊరి సంఘం ఆ ఊరి శవాన్నే మోసింది. ఏ ఊరికి ఆ ఊరు, ఇది మన రాత అనుకుని ఏడ్చింది. పక్క ఊరి పెట్టెలో ఎవరున్నారని ఎవరూ అడగలేదు. మొయినేశా ఆ ముసలామె పక్కన నేలమీద కూలబడింది. ముసలామె తన పైగుడ్డ కొంగు సగం తీసి, చలిగాలికి వణుకుతున్న మొయినేశా భుజాలమీద కప్పింది.

ఇద్దరూ కలిసి సంఘాలన్నీ తిరిగారు. ఏ గడప తొక్కినా ఒక తల్లి కథ ఉంది.

పాఠశాల వంటశాలలో పనిచేసే మొయినేశాకు ఇంకో భయమూ ఉంది. ఆమె కూతురు రుజునాకు అదే ఆసుపత్రిలో తొలికాన్పు రాబోతోంది. వచ్చినవాళ్ళు ఏ మూలాలవాళ్ళో అడిగి, ఎవరిని పరీక్షించారో, ఎవరిని ఇంటికి పంపారో లెక్క తియ్యమని ఆడవాళ్ళంతా కలిసి ఆసుపత్రి డైరెక్టరును అడిగారు. ఆయన అందరికీ కాఫీ పోయించాడు. ఈ దేశంలో జాతి అడగటం చట్టం ఒప్పదన్నాడు. తమకు మనుషులే తప్ప రంగు కనిపించదన్నాడు.

"కనిపించకపోతే మా అరుపు ఎలా కొలిచారు బాబూ?" అంది ముసలామె. ఆయన గడియారం చూసుకున్నాడు.

పెళ్ళివిందులు జరిగే హాల్లో సభ పెట్టారు. అక్కడ సొంతవాళ్ళే ఎదురు తిరిగారు. ఓడల్లో బొగ్గు ఎగదోసి ముసలివాడైన ఎంబాయె లేచి నిలబడ్డాడు.

"పేరు పక్కన జాతి రాసుకుని ఒకప్పుడు, యుద్ధం రోజుల్లో, ఈ ఊళ్ళోంచే యూదుల్ని చావు శిబిరాల రైళ్ళెక్కించారు. మా కింది అంతస్తు ముసలమ్మ చెప్పేది, ఆ రైలెక్కిన తన తండ్రి తిరిగి రాలేదని. మీరే పోయి రాసుకోమంటారా? బుద్ధుందా మీకు?"

హాలు రెండుగా చీలింది. ఒకరి మాట ఒకరు వినకుండా కేకలేసుకున్నారు. గోల తగ్గేదాకా మొయినేశా ఆగింది.

"అప్పుడు వాళ్ళు రాశారు తాతా, పేర్లతో రాశారు. ఇప్పుడు మన నోటితో మనం చెబుదాం. పేర్లొద్దు. చెప్పడం ఇష్టం లేనోళ్ళు చెప్పక్కర్లేదు. ఆ లెక్క తెరిచే తాళంచెవి ఒకటి మన దగ్గరుండాలి. లెక్క లేనందుకే కదా, నా చెల్లి ఒక్కతే చచ్చిందని వాళ్ళు అనగలిగింది?"

ఎంబాయె కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఆడవాళ్ళు ఆసుపత్రి గేటు దగ్గరికి నడిచారు. చనిపోయిన ప్రతి తల్లికీ ఒక షిరోమానీ, ఆమె పండగలకు కట్టిన ఎర్రటి పైగుడ్డ. పేర్లు లేవు, అట్టలు లేవు. ఊచకో గుడ్డ ముడేశారు. ఇనుము కనబడకుండా గేటు ఎర్రబడింది. సంగతి విని అల్జీరియా ఆడవాళ్ళు అక్కడే పోయిన తమవాళ్ళ తలగుడ్డలు తెచ్చారు. లోపల పనిచేసే ఒక నర్సు బయటికొచ్చి, అందనంత ఎత్తులో ఉన్న ముడిని వాళ్ళకోసం బిగించి, తలవంచుకుని వెళ్ళిపోయింది.

పోలీసులొచ్చి గుడ్డలు కత్తులతో కోశారు. అడ్డం వెళ్ళిన మొయినేశాను వ్యాన్లోకి తోశారు. ఒక కుర్ర పోలీసు మాత్రం జల్హాతా గుడ్డను చేత్తో విప్పి, మడిచి, మొయినేశా ఒళ్ళో పెట్టాడు.

స్టేషన్లో అధికారి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె ముఖంకేసి ఒకసారి చూసి, టైపు చేస్తూ పైకే చదువుకున్నాడు. "మనిషి రూపు, ఆఫ్రికన్."

"అడక్కుండానే రాశావే. చట్టం ఒప్పుకుందా?"

"ఇది గుర్తింపు కోసం."

"నా చెల్లి చచ్చేటప్పుడు కనబడని రంగు, నన్ను పట్టుకున్నప్పుడు ఎలా కనబడింది?"

ఇంతలో తలుపు తెరుచుకుంది. బరువైన కడుపుమీద చెయ్యేసుకుని రుజునా లోపలికొచ్చింది.

"నన్నూ రాసుకోండి సార్. కొమోర్ మనిషిని. ఆ గుడ్డల్లో ఒకటి నేనూ కట్టాను."

"అల్జీరియా. నేనూ కట్టాను," అంది వెనకామె.

ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక వరస మెట్లు దిగి వీధిలోకి సాగింది. ఆ వరసలోంచి ఎంబాయె కర్ర ఊతంగా బల్ల దగ్గరికి వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టాడు.

"కొమోర్. నా నోటితో నేనే చెబుతున్నా. నిదానంగా రాయి నాయనా, వెనక చాలామంది ఉన్నారు."